పలికిన మాట, పలికిన తీరు

మన పాఠశాలలలో సాహిత్యపరిభాష విద్యార్థికి పరిచయమగు క్రమము చిరకాలముగా ఒక్కటే: ముందు లక్షణము, పిదప ఉదాహరణము, ఆపైన సమన్వయము. ఉపమేయమేదో, ఉపమానమేదో, సమానధర్మమేదో, ఉపమావాచకమేదో తప్పక గుర్తించి వ్రాసిన విద్యార్థికి ఉపమాలంకారము వచ్చినట్లే లెక్క. ఈ క్రమమునకు ప్రాచీనుల అండయు లేకపోలేదు. జయదేవుని చంద్రాలోకమున అలంకారములను చెప్పు శ్లోకములలో పెక్కింట పూర్వార్ధము లక్షణమునకును, ఉత్తరార్ధము లక్ష్యమునకును సరిపోవును. అప్పయ్యదీక్షితులు ఆ శ్లోకములను గ్రహించి, కొన్నిటిని చేర్చి, వ్యాఖ్యానించి కువలయానందమును రచించిన పిమ్మట, అలంకారశాస్త్రమున అడుగిడువారికి ఆ రెండు గ్రంథములును తొలి సోపానములైనవి. ధారణకు ఇంతకంటె అనువైన కూర్పు మఱొకటి కానరాదు. కాని ధారణకు అనువైనది రసాస్వాదమునకు చాలినది కానేరదు. పద్యమును చూచినంతనే ఇది అర్థాంతరన్యాసమని చెప్పగల విద్యార్థిని, ఆ పద్యమును పలుకువాడు కినుకతో పలుకుచున్నాడా, జాలితో పలుకుచున్నాడా, ఎదుటివానిని బుజ్జగించుచున్నాడా, దెప్పుచున్నాడా అని అడిగినచో, ఆ ప్రశ్నయే ఎన్నడును విననివానివలె తెల్లబోవును.

ఈ కొఱతకు కారణము పరిభాష ఎక్కువగుట కాదు, పరిభాషలో ఒక పార్శ్వము మఱుగుపడుట. శబ్దార్థాలంకారముల పేరులను నేర్పుచున్నాము. పలుకువాని మనఃస్థితియు, వినువానియెడ వాని వైఖరియు, ఆ రెంటివలన కంఠమున కలుగు మార్పును కలసి ఏర్పడు స్వరమునకు మాత్రము పేరులు నేర్పుట లేదు. అట్టి పేరులు మనకు లేకనా? అవి శాస్త్రమునను కలవు, మన ఇండ్లలో నిత్యము వినవచ్చు భాషయందును కలవు. పద్యమును ముందు చెవితో వినిపించి, పిదప ఆ వినికిడికి పేరు పెట్టుట నేర్పినయెడల, ఇప్పుడు పొడిపొడిగా కంఠస్థమగుచున్న అలంకారములకు సైతము ప్రాణము వచ్చునని నా దృఢవిశ్వాసము.

భరతుని నాట్యశాస్త్రము ఈ విషయమున చూపిన సూక్ష్మత ఆశ్చర్యము గొలుపును. నటుడు పలుకవలసిన పాఠ్యమునకు గుణములను నిరూపించుచు భరతుడు సప్తస్వరములను, ఉరస్సు, కంఠము, శిరస్సు అను మూడు స్థానములను, ఉదాత్తాదులగు నాలుగు వర్ణములను, రెండు విధములగు కాకువును, ఆఱు అలంకారములను, ఆఱు అంగములను పేర్కొనెను. ఇచ్చట అలంకారములనగా ఉపమారూపకాదులు కావు. ఉచ్చము, దీప్తము, మంద్రము, నీచము, ద్రుతము, విలంబితము అను కంఠభేదములు. దూరమున ఉన్నవానిని పిలుచునప్పుడు ఉచ్చము, కలహమున దీప్తము, నిర్వేదమునను వ్యాధియందును మంద్రము, భయసంభ్రమములలో ద్రుతము, తలపోతలో మునిగినవానికి విలంబితము తగునని ఆయన విభాగము. హాస్యశృంగారములకు మధ్యమపంచమములును, వీరరౌద్రాద్భుతములకు షడ్జర్షభములును, కరుణమునకు గాంధారనిషాదములును, బీభత్సభయానకములకు ధైవతమును విధించుటలో, మాటయొక్క అర్థము నిఘంటువునందెంతయో గొంతునందును అంతయే యున్నదను ఎఱుక స్పష్టముగా కనబడుచున్నది. కాకువు సాకాంక్షమనియు నిరాకాంక్షమనియు రెండు తెఱగులు. చెప్పవలసినది ఇంకను మిగిలియున్నదని వినువానికి తోపజేయునది మొదటిది. అర్థము ముగిసి విశ్రమించినది రెండవది. శోకభయాదులవలన కంఠధ్వనియందు పుట్టు వికారమే కాకువని అమరసింహుడును నిఘంటువున చేర్చియున్నాడు.

కేవలము కాకువుచేతనే అర్థము తలక్రిందులగుటకు ఆలంకారికులు మెచ్చిన ఉదాహరణము భట్టనారాయణుని వేణీసంహారనాటకమున భీముని పలుకు. ధర్మరాజు ఐదు గ్రామములతో తృప్తిపడి సంధికి సమ్మతించెనని విన్నంతనే భీముడు, యుద్ధమున కౌరవులను నూర్వురను తాను మథింపననియు, దుశ్శాసనుని రొమ్మున నెత్తురు త్రాగననియు, సుయోధనుని తొడలను గదతో పొడి చేయననియు పలుకును. పుస్తకమున కనులతో చదువువానికి అది ప్రతిజ్ఞను విడిచిపెట్టినట్లే యుండును. రంగస్థలమున వినువానికి అదే ప్రతిజ్ఞ మఱింత భీషణముగా మరల వినవచ్చును. అక్షరమొక్కటియు మారలేదు. ఈ తీరు మనకు క్రొత్తయు కాదు. జోరున వాన కురియుచుండగా ఆటకు పోదునని మారాము చేయు బిడ్డతో తల్లి 'పో, పో' అనును. పొమ్మనుటకు పోవలదని అర్థమని మూడేండ్ల పసివానికిని తెలియును. ఆ పసివానికి తెలిసినదే పరీక్షకు కూర్చున్న విద్యార్థికి తెలియకపోవుట మనము పాఠము చెప్పు తీరునందలి లోపమే కాని వాని బుద్ధిలోపము కాదు.

కాశ్మీరదేశీయుడగు మమ్మటుడు కావ్యప్రకాశపు తృతీయోల్లాసమున, అర్థమునకు వ్యంజకత్వము దేనివలన సిద్ధించునో చెప్పుచు ఒక చిన్న పట్టికను కూర్చెను. వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యము, వాచ్యము, అన్యసన్నిధి, ప్రస్తావము, దేశము, కాలము మొదలగువాని వైశిష్ట్యమున ప్రతిభావంతులకు వేఱొక అర్థము స్ఫురించునని ఆయన మతము. బోద్ధవ్యుడనగా ఎవనికి తెలియజేయుటకై మాట పలుకబడుచున్నదో వాడు. అన్యసన్నిధి యనగా, మాట తమకు ఉద్దేశింపబడకున్నను దగ్గఱ నిలిచి వినుచున్న ఇతరుల ఉనికి. ఈ పట్టిక ఎంతటి పనిముట్టో మమ్మటుడే మఱొకచోట చూపెను: సూర్యుడస్తమించినాడను ఒక్క మాట సేనాపతికి శత్రువులపై పడుటకు అదను, అభిసారికకు బయలుదేఱవలసిన వేళ, కూలివానికి పని చాలించు సమయము, శ్రోత్రియునకు సంధ్యావందనము, పసులకాపరికి ఆవులను ఇంటికి తోలుట, వర్తకునకు సరకులు సర్దుకొనుట. సాహిత్యమును చదువువానికి ఒక్క శాస్త్రవాక్యమునే ఇచ్చి పంపవలసివచ్చినచో నేను ఈ పట్టికను ఎన్నుకొందును.

ఈ పట్టికను చేతబట్టి తిక్కన విరాటపర్వమున ఒక ఘట్టమును చూతము. కీచకుడు, సైరంధ్రి యను పేర నున్న ద్రౌపదిని తఱుముకొని వచ్చి, విరాటుని కొలువులో అందఱును చూచుచుండగా తన్నినాడు. వంటవాడు వలలుడుగా అచ్చటనే యున్న భీముడు క్రోధమున కన్ను గానక సమీపమునందలి చెట్టును పెఱుకు తలపుతో చూచినాడు. అజ్ఞాతవాసము ఇంకను ముగియలేదు. కంకుడను పేర కొలువున కూర్చున్న ధర్మరాజు అప్పుడు నోరు విప్పి, వలలుడు ఆ చెట్టువంక ఏల చూచుచున్నాడో కాని, పండ్లతోను కొమ్మలతోను ఒప్పుచు, ఆశ్రయించినవారికి నీడనిచ్చు వృక్షమును వంటచెఱకునకై నఱకుట తగదని పలుకును. ఈ మాటలలో అలంకారము వెదకుటకు ముందు అన్యసన్నిధిని చూడవలెను. సభాసదులకు వినబడినది వంటవానికి ఒక పెద్దమనిషి చెప్పిన కట్టెలబుద్ధి. భీమునికి వినబడినది అన్నయొక్క శాసనము: మనలను నీడవలె కాచుచున్న ఈ రాజాశ్రయమును నీ తొందరచే కూల్చుకొనవలదు. ఇక కాకువు? ధర్మరాజు కంఠమున క్రోధదైన్యములు ఏ మాత్రము తొంగిచూచినను గుట్టు బయలగును. భార్యకు పరాభవము జరిగిన మఱుక్షణమున అంతటి తొట్రుపాటులేని గొంతు తెచ్చుకొనుట ఎంత కష్టమో తలచుకొన్నవానికే ఆ పద్యపు నిశ్చలత భయంకరముగా తోచును.

అంతటితో ముగియదు. కంకుడు సైరంధ్రిని సైతము మందలించును: కులస్త్రీలకు తగిన మర్యాద విడిచి, ఆటకత్తెవలె సభలో ఇట్లు నిలుచుట తగదనును. ద్రౌపది ఇచ్చిన సమాధానము తెలుగున స్వరమునకు నాకు తెలిసినంతలో పరమోదాహరణము. ఆమె కాదనదు, ఒప్పుకొనును. తన మగడు నటుడే యనియు, మగని పోకడయే ఆలికి అబ్బుననియు, అందుచేత తాను ఆటకత్తెనగుటలో వింత లేదనియు చెప్పి, ఆయన నటుడు మాత్రమే కాడు, జూదరియు అని తోడు చేర్చును. సంస్కృతమూలమునను ద్రౌపది పెద్దవాని జూదమును ఎత్తిచూపును. నటుడను మాటను ఇంతగా సానబట్టి మగనివైపు త్రిప్పుట తిక్కన చేతి పని. సభవారు విన్నది ఒక దాసి తన మొగుని చెడునడతను చెప్పుకొని వగచుట. ధర్మరాజు విన్నది, కంకవేషమున ఎదుట కూర్చుండి నటించుచున్న తన గుండెలలో నేరుగా దిగిన బాణము.

ఈ సమాధానమునకు స్వరమేదని విద్యార్థినడిగినచో సాధారణముగా కోపమని వ్రాయును. కోపము ఉన్నది, సందేహము లేదు. కాని అది మాటకు వెనుక నున్న భావము, మాటయొక్క స్వరము కాదు. స్వరమునకు తగు పేరు వినయచ్ఛద్మమున సాగిన అధిక్షేపము. ఆమె సంబోధన మర్యాదను తప్పదు, వాక్యనిర్మాణము తర్కబద్ధము, పదములు మెత్తనివి. తనపై వచ్చిన నిందను అంగీకరించుటయే ఆమె ఎదురుదాడి. క్రోధమును నేరుగా వెడలగ్రక్కినచో వినువారందఱికి ఒకే అర్థమై, ఒకే క్షణమున చల్లారిపోయెడిది. అణచిన క్రోధము రెండర్థములుగా చీలి, ఒకటి సభకును ఒకటి మగనికిని చేరినది. పఠించువాడు ఈ పద్యమును గొంతెత్తి అఱచి చదివెనా, తిక్కనను చంపినవాడగును. మంద్రమున, ఇంచుక విలంబితముగా చదువవలెను. తిక్కన శిల్పము నాటకీయమని మన విమర్శకులు చెప్పుచు వచ్చుటలోని పరమార్థము ఇట్టి తావులలోనే తెలియును. పాత్రలు మాటాడుట మాత్రమే నాటకీయత కాదు, ప్రతి మాటకును ఎవరు వినుచున్నారో కవికి అనుక్షణము జ్ఞప్తియందుండుట నాటకీయత.

పాశ్చాత్యులలో ఈ విషయమును శాస్త్రీయముగా కదలించినవాడు ఐ. ఏ. రిచర్డ్స్. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆయన కవుల పేరులు తొలగించిన పద్యములను విద్యార్థులకిచ్చి, వారు వ్రాసి తెచ్చిన అభిప్రాయములను సేకరించి, వానిలోని పొరపాటులను విశ్లేషించి 1929లో ప్రాక్టికల్ క్రిటిసిజమ్ అను గ్రంథమును వెలువరించెను. అర్థము నాలుగు పాయలని ఆయన నిర్ణయము: చెప్పబడిన విషయము, ఆ విషయమునెడ పలుకువాని అనుభూతి, వినువానియెడ వాని వైఖరి, పలుకుటకు ప్రయోజనము. మూడవదానికి ఆయన స్వరమను పేరిడెను. మమ్మటుడు బోద్ధవ్యుని పట్టికలో రెండవస్థానమున నిలిపిన సంగతి ఎఱిగిన మనకు ఇది పరాయి సిద్ధాంతము కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును ఈ కన్నుతో చూచినచో గిరీశము పాత్రయంతయు బోద్ధవ్యభేదమే. వెంకటేశముతో మాటాడునప్పటి గురుత్వపు దర్పము, అగ్నిహోత్రావధానులముందు ఒలుకబోయు ముఖప్రీతి, బుచ్చమ్మయెదుట తెచ్చుకొన్న మెత్తదనము, మధురవాణియొద్ద సగము బింకము సగము బెదురు. మనిషి ఒక్కడే, విషయము తఱచు ఒక్కటే. వినువారు మారినకొలది గొంతు మారును. గిరీశమునకు స్వభావమేదని అడుగుటకంటె, ఎవరియొద్ద ఏ గొంతు అని అడిగిననే ఆ పాత్ర మనకు చిక్కును.

ఇక మన ఇండ్లలోని పదసంపదకు వత్తును. స్వరమును సూచించు పదములలో తెలుగు ఎంత సంపన్నమో, ఆ సంపద తరగతిగదిలో ఎంత నిరుపయోగముగా పడియున్నదో తలచుకొన్నప్పుడెల్ల నాకు బాధ కలుగును. నిందించుట యను ఒక్క వ్యాపారమునకే ఎన్ని ఛాయలు! నిష్ఠూరమాడుట సన్నిహితులయెడనే చెల్లును. ఆశ పెట్టుకొన్నవాడు ఆశ తీఱనప్పుడు పలుకునది అది, అందుచే దానియడుగున ప్రేమ యుండును. దెప్పుటకు గతము కావలెను, మున్ను చేసిన తప్పునో పొందిన మేలునో గుర్తు చేసి గ్రుచ్చుట దాని పని. ఎత్తిపొడుపు అప్పటికప్పుడు తగులునది, క్లుప్తమైనది. ఎకసెక్కెమున వెక్కిరింత పైకి తేలియాడును. మందలింపునకు పెద్దఱికము కావలెను. దానియందు ఎదుటివాని మేలుకోరుట కలదు. అధిక్షేపము నలుగురియెదుట నిలుపుట. ఎద్దేవా చేయువానికి ఎదుటివానిపై గౌరవము లేదు. పరిహాసమాడువానికి చనవు కలదు. ఈ భేదములు నిఘంటుకారుల కల్పనలు కావు. పల్లెలో చదువురాని ముదుసలి సైతము నిష్ఠూరమునకును దెప్పునకును భేదము తప్పక చెప్పగలదు.

ఈ పదములను శతకవాఙ్మయమునను భక్తికీర్తనలయందును ప్రయోగించి చూడుడు. భక్తిశతకమనినంతనే స్వరము భక్తియని వ్రాయుట వాడుకైనది. అది దొడ్డిలోని పసులనన్నిటిని ఒకే పేరున పిలుచుటవంటిది. భద్రాచల రామదాసు చెఱసాలలో శ్రీరాముని నిలదీయునది నిష్ఠూరమే. నీకును నీవారికిని నగలు చేయించుటకు ఇంతింత ద్రవ్యమైనదని లెక్కలు చెప్పి, ఎవడబ్బ సొమ్మని కులుకుచున్నావను హద్దు దాక వచ్చి, వెంటనే మెత్తబడి, దెబ్బలకు తాళలేక తిట్టితినే కాని ఆయాసపడవలదని వేడుకొనును. తిట్టునుండి వేడికోలునకు ఆ మలుపు తెలిసిననే ఆ కీర్తన తెలిసినట్లు. శ్రీకాళహస్తీశ్వరశతకమున ధూర్జటి శివునితో మాటాడుచున్నను రాజసేవయెడ ఆతని ఏవగింపును, తనపై తనకు కలిగిన నిర్వేదమును ప్రధానములు. అచ్చట శివుడు నిందింపబడువాడు కాడు, మొఱ వినువాడు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయకశతకమున శ్రీకాకుళాంధ్రదేవునితో ఆడునది వేఱొక ఆట. నీ ఖ్యాతి యంతయు ఆలుబిడ్డలు తెచ్చిపెట్టినదే కాని నీవలన వచ్చినదేమున్నదని ఆయన దేవుని అడుగును. పైకి నింద, లోన స్తుతి. ఆలంకారికులు దీనిని వ్యాజస్తుతి యందురు. రామదాసు నిష్ఠూరమున బాధ నిజము, పురుషోత్తమకవి నిందాస్తుతియందు నింద నటన. రెంటిని ఒకే పేరున పిలిచినచో ఒకని కన్నీటిని, మఱొకని చమత్కారమును పోగొట్టుకొందుము. వేమన వీరెవ్వరివలెను దేవునితో మాటాడక తఱచు నేరుగా మనతోనే మాటాడుచు, మన ముఖముమీదనే అధిక్షేపించుటచే ఆతని పద్యము అంత సూటిగా తగులును.

పెద్దకావ్యము చదువునప్పుడు మఱొక చిక్కు వచ్చును. గ్రంథమంతటికిని ఒక స్వరము, అందలి పుటకొక స్వరము. దీనికిని భరతుడు దారి చూపియున్నాడు. స్థాయిభావములు ఎనిమిది, వ్యభిచారిభావములు ముప్పదిమూడు, సాత్త్వికభావములు ఎనిమిది, వెరసి 49 అని ఆయన లెక్క. శాంతమును తొమ్మిదవరసముగా చేర్చుటకై తరువాతివారు, ముఖ్యముగా అభినవగుప్తుడు, పెద్దవాదమే నడిపిరి. నిలిచియుండునది స్థాయి, వచ్చిపోవునది వ్యభిచారి. రతి నిలిచియుండగా అసూయ, చింత, గర్వము, వ్రీడ అలలవలె లేచి అణగును. స్వరమును గుర్తించుటలో మనము చేయు తప్పులలో సగము వచ్చిపోవుదానిని నిలిచియుండునదిగా భ్రమించుటయే. ముప్పదిమూడు పేరులను అప్పగించుకొనుట ఎవరికైనను విసుగే. కాని అమర్షము, విషాదము, దైన్యము, నిర్వేదము, ఔత్సుక్యము అను ఏ కొన్నిటినో చక్కగా ఎఱిగినవాడు దుఃఖమను ఒక్క మాటతో సరిపుచ్చడు.

గుణములు, రీతులు, పాకములు అను పరిభాషను గూర్చి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. దండి చెప్పిన పది గుణములను మమ్మటాదులు మాధుర్యము, ఓజస్సు, ప్రసాదము అను మూటికి కుదించిరి. నిత్యోపయోగమునకు ఆ మూడును చాలును. పాకముల విషయమున మాత్రము ఒక్క మాట. ఓరుగంట కాకతీయ ప్రతాపరుద్రుని ఆశ్రయమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయమున, పదముల పరస్పరమైత్రికి శయ్యయని పేరు. లోపల వెలుపల రసము స్ఫురించునది ద్రాక్షాపాకము, రసము లోపల గూఢమైయుండునది నారికేళపాకము. రామరాజభూషణుడు కావ్యాలంకారసంగ్రహమున ఈ గ్రంథమును అనుసరించెను. నేడు మాత్రము ద్రాక్షాపాకము కవికి ఇచ్చు బిరుదువలె వాడబడుచున్నది. పాకము కవికి చెందదు, ఆయా పద్యమునకు చెందును. ఒకే కవి ఒకే ఆశ్వాసమున రెంటిని చూపవచ్చును. వెదకి చూపలేని పరిభాష పొగడ్త యగునే కాని విమర్శ కాదు.

ఆలంకారికులు స్వరమును ఎంత నిశితముగా విన్నారో తెలియవలెనన్నచో నాయికాభేదములను చూడవలెను. ఇది కేవలము శృంగారపు పట్టికయని ముఖము త్రిప్పుకొనువారు పెద్ద నిధిని విడిచిపెట్టుచున్నారు. పరస్త్రీసాంగత్యపు గుర్తులతో తెల్లవాఱి ఇంటికి వచ్చిన నాయకునితో నాయిక ఎట్లు మాటాడునను దానినిబట్టియే ధీర, అధీర, ధీరాధీర అను విభాగము పుట్టినది. కోపమును లోన అణచి, నవ్వుచు వక్రోక్తులతో పొడుచునది ధీర. పరుషముగా పలుకునది అధీర. కన్నీరు నిండగా వక్రముగా పలుకునది ధీరాధీర. సందర్భమొక్కటే, అపరాధమొక్కటే, భావమొక్కటే, భేదమంతయు గొంతునందే. క్షేత్రయ్య మువ్వగోపాలపదములను అభినయించు నర్తకి ఈ భేదములను మొదట గుర్తించి తీఱవలెను. ధీర పదమును అధీరగా ఆడినచో సాహిత్యమంతయు అబద్ధమగును. రంగమున ఆడువారికి ఇంత అవసరమైన విద్య, చదువువారికి అనవసరమెట్లగును?

పద్యనాటకములు మన పల్లెలకు ఈ విద్యను చాలకాలము బోధించినవి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములలో రాయబారఘట్టమును రాత్రులు మేల్కొని విన్న జనమునకు, ఒకే పద్యమును ఇద్దఱు నటులు చదివినప్పుడు ఎవరి శ్రీకృష్ణునిలో అనునయము వినబడినదో, ఎవరిలో బెదిరింపు వినబడినదో చెప్పుకొనుట అలవాటు. అదే రంగస్థలము ఒక కీడును చేసినది. పద్యము ముగిసినదో లేదో సుదీర్ఘమైన రాగాలాపనము అందుకొని కాకువును మ్రింగివేయుట మొదలైనది. రాగము మంచిదే, కాని అది భావమును మోయుటకు వచ్చినది, భావముపై కూర్చుండుటకు కాదు.

తరగతిగదికి మరల వచ్చినచో, మార్గము కొంత తెఱచియే యున్నది. మన పరీక్షలలో సందర్భసహితవ్యాఖ్య యను ప్రశ్న కలదు. ఈ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు పలికిరని అది అడుగుచున్నది. వక్త, బోద్ధవ్యుడు, ప్రస్తావము అను మూడును అచ్చట ఉన్నవి. ఎవరు ప్రక్కన నిలిచి వినుచున్నారు, ఏ గొంతున పలికిరి, ఆ గొంతునకు పద్యమున నిదర్శనమేది అను మఱి మూడు ప్రశ్నలను చేర్చవలెను. నిదర్శనములు పద్యముననే యుండును. సంబోధన మొదటిది: పేరుతో పిలిచెనా, బంధుత్వముతో పిలిచెనా, బిరుదుతో పిలిచెనా, అసలు పిలువనే లేదా. ఛందస్సు రెండవది: సీసపద్యమున పెద్దపాదములలో కూడగట్టిన వాదము, క్రింద తేటగీతికో ఆటవెలదికో దిగునప్పుడు గొంతు తగ్గునో బిగియునో వినవలెను. మూడవది అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె ఎక్కువ విస్మరింపబడునది: వాక్యపు చివర నిలుచు అవ్యయము. కదా అన్నప్పుడు ఎదుటివాని అంగీకారమును ముందే పుచ్చుకొనుట, సుమీ అన్నప్పుడు హెచ్చరించుట, కాబోలు అన్నప్పుడు తాను తప్పుకొనుట, అట అన్నప్పుడు ఆ మాటను ఇతరుల నెత్తికెత్తి దూరముగా నిలుచుట కలదు. ప్రతిపదార్థము వ్రాయునప్పుడు విద్యార్థులు మొట్టమొదట విడిచిపెట్టునవి ఈ మాటలే. కవి గొంతు అన్నిటికంటె స్పష్టముగా వినవచ్చునదియు ఈ మాటలయందే.